చాన్ చాన్‌కి చికామా నీళ్లు చేరాయా, చేరలేదా?

గట్టుమీద:
పెరూ ఉత్తర తీరంలో మోచే లోయలో, ఇంకాలకి ముందు అక్కడ రాజ్యమేలిన చిమూల రాజధాని చాన్ చాన్. ఇంకాలు సుమారు 1470లో దాన్ని గెలిచారు. అంతకుముందే చిమూలు పక్క లోయలోని చికామా నది నుంచి మోచే లోయకి దాదాపు 70 కిలోమీటర్ల కాలువ తవ్వారు. లా కుంబ్రే కాలువ అంటారు. మోచే లోయలోని విచాన్సావో కాలువకి నీళ్లు అందించడం దాని పని. 1982లో ఓర్ట్‌లాఫ్, మోస్లీ, ఫెల్డ్‌మన్ అనే పరిశోధకులు ఏమన్నారంటే, కాలువ సరిగ్గానే కట్టారు, తర్వాత నేల పైకి లేచి వాలు చెడింది అని. అదే ఏడాది పురావస్తు పరిశోధకులు పొజోర్స్కీ దంపతులు దాన్ని కొట్టిపారేశారు: వాలు మొదట్నుంచీ తప్పే, కాలువ ఎప్పుడూ పనిచెయ్యలేదు అన్నారు. నా ఓటు మొదటివాళ్లకే. దారిలో కెబ్రాడా దెల్ ఓసో అనేచోట కాలువని వాగు మీదుగా దాటించినవాళ్లు ఎదురెక్కే కాలువ తవ్వుతారా?

పూడికమట్టి:
వాగు దాటించడం వేరండీ, 70 కిలోమీటర్లు వాలు తప్పకుండా తేవడం వేరు. వాగు దగ్గర తప్పు కంటికి కనబడుతుంది. కిలోమీటరుకి అర మీటరు వాలులో కనబడదు. నేను చూసేది పూడిక. కొండల్లో వానలు పడే నెలల్లో ఆ నదులు బురదతోనే దిగుతాయి. ఒక్క పంటకాలం పారినా అడుగున సన్న ఇసుక, ఒండ్రు పొరలుగా మిగలాలి. మోచే వైపు చివర అది చూపించండి, ఒప్పుకుంటాను.

గట్టుమీద:
ఏటా పూడిక తీసేస్తే అడుగున ఏం మిగులుతుంది?

పూడికమట్టి:
తీసింది ఎక్కడికి పోతుంది? గట్టుమీదకే కదా, మీ పేరు మీదకే! తవ్వినప్పుడు వచ్చేది మొనదేలిన రాళ్లు, గరుకు కంకర. పూడిక తీసినప్పుడు వచ్చేది మెత్తటి ఒండ్రు. గట్టుని అడ్డంగా కోస్తే కింద కంకర, పైన ఒండ్రు కనబడాలి. కంకర ఒక్కటే ఉంటే పూడిక తీసే అవసరమే రాలేదన్నమాట.

మట్టపలక:
ఇద్దరూ వాలు లెక్క వదిలేశారు. ఉదాహరణకి వెడల్పాటి కాలువ, 60 సెంటీమీటర్ల లోతు, కిలోమీటరుకి అర మీటరు వాలు, రాతి తాపడానికి గరుకు విలువ (గరుకు నీటిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 0.025 అనుకోండి. వేగం సెకనుకి సుమారు 0.64 మీటర్లు. 70 కిలోమీటర్లకి 30 గంటలు పైనే. దారంతా ఎడారి, ఇంకుడు నష్టం తోడు. ఇక ఇదే వాలుకి ఎదురుగా నేల కిలోమీటరుకి అర మీటరు ఒరిగితే కాలువ చదునైపోతుంది. ఇంకొంచెం ఒరిగితే నీళ్లు వెనక్కి నిలుస్తాయి, గట్టు తక్కువగా ఉన్నచోట గండి పడుతుంది. సముద్రం అడుగున ఉన్న నాజ్కా భూపలక కిందకి దూరుతున్న తీరం అది, నేల లేవడం వింతేమీ కాదు.

కానీ తేడా పట్టే దారి ఉంది. నేల ఒరిగితే కొన్ని కిలోమీటర్లు ఒకే దిశలో, నెమ్మదిగా వంగుతుంది. పక్క కాలువలూ అదే వైపు వంగాలి. కొలత తప్పితే మాత్రం రెండు ముక్కలు కలిసేచోట మెట్టులాగా పడుతుంది.

గట్టుమీద:
ముక్కలుగా ఎందుకు కడతారు? ముందు సన్న పిల్లకాలువలో నీళ్లు వదులుకుంటూ తవ్వితే నీళ్లే మట్టం చూపిస్తాయిగా.

మట్టపలక:
అలా అయితే ఒకే చివర నుంచి తవ్వాలి, తరాలు పడుతుంది. చిమూలకి ముందు అదే లోయలో ఉన్న మోచేవాళ్లు పచ్చి ఇటుకలతో కట్టిన వాకా దెల్ సోల్ అనే పెద్ద దిబ్బ కట్టడంలో ఇటుకల మీద వందకి పైగా గుర్తులున్నాయి. ఒక్కో గుంపు ఒక్కో ముక్క కట్టిందని వాటిని బట్టే అంటారు. కాలువకీ అదే పద్ధతి వాడి ఉంటే తప్పులు అతుకుల దగ్గరే దొరకాలి. అందుకే కొలతని మొత్తం సగటు వాలుతో కాదు, అతుకు అతుకుకీ చూడాలి. ఇద్దరి వాదనల్లో నాకు నచ్చనిది అదే, ఎత్తుపల్లాల్ని ఒకే కారణానికి కట్టేస్తారు. కొన్నిచోట్ల మెట్టు, కొన్నిచోట్ల వంపు ఉండకూడదా?

పూడికమట్టి:
ఉండొచ్చు. అయినా ఇంకో చిక్కు. రెండు నదులూ ఒకే వానకాలంలో పొంగుతాయి. చాన్ చాన్‌కి నీళ్లు కావాల్సిన, నదులు తగ్గిపోయే నెలల్లో చికామా రైతులకీ కావాలి. వాలు సరిగ్గా ఉన్నా, పైన తూము మూసేవాడితో ఎవరు మాట్లాడతారు?

గట్టుమీద:
చికామా లోయ కూడా చిమూ రాజులదే. మాట్లాడక్కర్లేదు, చెబితే చాలు. కెబ్రాడా దెల్ ఓసోలో అధికారుల కట్టడం కట్టింది అందుకేనేమో. గట్టు కోత మాట మాత్రం ఒప్పుకుంటున్నాను.