దార్ ఎస్ సలాం వస్తున్నాను, ఇంగ్లీషు ఒక్కటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల దార్ ఎస్ సలాంలో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగంలో చేరుతున్నాను. ఇంటర్వ్యూ మొత్తం ఇంగ్లీషులోనే జరిగింది, ఆఫీసులోనూ ఇంగ్లీషే అన్నారు. నెట్‌లో చూస్తే టాంజానియాలో 120కి పైగా భాషలున్నాయని ఒకరు, స్వాహిలి రాకపోతే కష్టమని ఒకరు, హిందీ వస్తే చాలని ఇంకొకరు రాశారు. అప్పుడప్పుడు నైరోబి, కిగాలి కూడా వెళ్ళాలట. అసలు ఏ భాషతో మొదలుపెట్టాలి? నా భార్య, నాలుగేళ్ళ పాప ఆర్నెల్ల తర్వాత వస్తారు. పాప బడి సంగతి తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు, దార్ ఎస్ సలాం నుంచి

తమ్ముడూ, నేనిక్కడ 14 ఏళ్ళుగా ఉంటున్నాను. నువ్వు చదివిన మూడు మాటల్లోనూ కొంత నిజముంది. నీ ఆఫీసులో ఆడిట్ రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఆ రిపోర్టు నీ చేతికిచ్చిన మనిషి పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళగానే స్వాహిలిలోకి మారిపోతాడు. ఈలోగా ఊరి నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేస్తే సుకుమాలోనో, హయాలోనో, చగ్గాలోనో మాట్లాడతాడు. పది నిమిషాల్లో మూడు భాషలు, అందులో గొప్పేదో ఉందని ఇక్కడ ఎవరూ అనుకోరు. హిందీ అంటావా, తరాలుగా ఇక్కడే ఉన్న గుజరాతీ, కచ్ఛీ కుటుంబాల దుకాణాల్లో కొంత పనికొస్తుంది, అది దాటి రోడ్డు మీదికొస్తే రాదు.

కాబట్టి స్వాహిలి నేర్చుకో. ఇంగ్లీషుతో ఉద్యోగం వెళ్ళిపోతుంది, ఇల్లు కూడా గడిచిపోతుంది, కానీ ఐదేళ్ళయినా చుట్టంలాగే ఉండిపోతావు. నేను మొదటి రెండేళ్ళు అలాగే గడిపాను, ఆ రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పక్కింటివాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు.

అసలు ఇన్ని భాషల మధ్య స్వాహిలి ఎలా నిలబడిందో తెలిస్తే నీకు దాని మీద గౌరవం పెరుగుతుంది. ఈ దేశంలో అందరికన్నా పెద్ద తెగ సుకుమా, అయినా దేశభాష అయింది వాళ్ళ భాష కాదు. తీరం వెంబడి పుట్టి వర్తకులతో లోపలికి నడిచిన స్వాహిలిని అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే అది పెద్ద తెగ దేనిదీ కాదు. మొదటి అధ్యక్షుడు న్యెరేరే సొంత భాష జనాకి, చాలా చిన్న తెగది. ఆయన షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకాన్ని తనే స్వాహిలిలోకి అనువదించారు, 1963లో అచ్చయింది. దేశాన్ని నడుపుతూ ఆ పని కూర్చుని చేశారంటే ఆ భాష మీద ఎంత నమ్మకమో చూడు. ఇంకో విశేషం, బంటు, నైలోటిక్, కుషిటిక్ భాషలతో పాటు నాలుకతో టక్‌మని చప్పుడు చేస్తూ పలికే హద్జా, సందావె కూడా ఈ ఒక్క దేశంలోనే ఉన్నాయి. ఖండం మొత్తం మీద దాదాపు 2000 భాషలంటారు, ఒక్క నైజీరియాలోనే 500 పైన. అందుకే 'ఆఫ్రికా భాష' అని మాత్రం ఎవరితోనూ అనకు, మనల్ని 'ఇండియా భాష మాట్లాడండి' అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇక మొదలుపెట్టాల్సింది పలకరింపుతో. వ్యాకరణం పుస్తకం తర్వాత కొనుక్కో. పెద్దవాళ్ళు ఎవరు కనిపించినా 'షికామో' అనాలి, వాళ్ళు 'మరహబా' అంటారు. వాచ్‌మన్ అయినా, ఆఫీసు ఊడ్చే ఆవిడ అయినా, నీకన్నా బాగా పెద్దవాళ్ళయితే షికామో అనాల్సిందే. ఈడువాళ్ళతో 'మాంబో' అంటే 'పోఆ', కాస్త మర్యాదగా అయితే 'హబారి' అంటే 'న్జూరి'. ఎవరికైనా దెబ్బ తగిలినా, ఒంట్లో బాగోకపోయినా, బరువు మోస్తూ ఎదురొచ్చినా 'పోలే' అంటారు, దానికి సరిపోయే మాట తెలుగులో నాకింతవరకు దొరకలేదు. గుమ్మం దగ్గర నిలబడి 'హోడి' అని కేకేస్తే లోపల్నుంచి 'కరీబు' అని వినిపించాకే అడుగు పెట్టాలి.

నాకిది తెలియక ఏం జరిగిందో చెప్తాను. వచ్చిన కొత్తలో ఒక కౌంటర్ దగ్గర పెద్దావిడ కూర్చుని ఉంటే నేరుగా వెళ్ళి ఫలానా ఫారం ఎక్కడ అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, నా మొహం చూసి, 'హబారి జా అసుబుహి' అంది. పొద్దుటి కబురేమిటి అని. నాకర్థం కాక మళ్ళీ ఫారం అన్నాను, ఆవిడ మళ్ళీ అదే మాట, అంతే నెమ్మదిగా. వెనకాల లైనంతా చూస్తోంది. చివరికి నా వెనకున్న కాలేజీ కుర్రాడు చెవిలో 'ముందు పలకరించండి సార్' అన్నాడు. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను, మా ఊళ్ళో పెద్దాయన దగ్గరికెళ్ళి 'మీరు' అనకుండా, నమస్కారం పెట్టకుండా ఏదైనా అడిగితే నాన్న ఊరుకునేవాడా?

టైము సంగతి ఇప్పుడే తెలుసుకో, లేకపోతే నష్టపోతావు. స్వాహిలిలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, మన పాతవాళ్ళు ఘడియలు లెక్కపెట్టినట్టే. పొద్దున ఏడంటే 'సా మోజా', అంటే ఒంటిగంట. ఇంటి ఓనరు నన్ను 'సా తతు'కి రమ్మన్నాడు, తతు అంటే మూడు కదా అని మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. ఆయన పొద్దున తొమ్మిదింటి నుంచి చూసి చూసి ఇల్లు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఎవరైనా స్వాహిలిలో టైము చెప్తే ఆరు గంటలు కలుపుకో, అనుమానముంటే పొద్దునా సాయంత్రమా అని అడిగి రూఢి చేసుకో.

భయపడకు, మన నోటికి ఇది కష్టమైన భాష కాదు. తెలుగులాగే మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. దుకాణం 'దుకా', బీమా 'బీమా', డబ్బు 'పెసా', బండి 'గారి', గోనెసంచి 'గునియా', లక్ష 'లాకి'. అద్దె మాట్లాడేటప్పుడు 'లాకి' పదే పదే వింటావు, షిల్లింగుల లెక్క మనకు చటుక్కున ఎక్కుతుంది. మనం 'వస్తాను' అన్నప్పుడు చివర 'ను' నేను అని చెప్తుంది కదా, స్వాహిలిలో అదే సంగతి మాట ముందుకొస్తుంది, 'నితకూజా'లో మొదటి 'ని' అంటే నేను. కాస్త తిప్పికొట్టినట్టుంటుంది, నెలలో అలవాటైపోతుంది. కష్టమల్లా నామవాచకాల గుంపులతోనే. అరబ్బీ నుంచి వచ్చిన కితాబుని కూడా వీళ్ళు తమ 'కి' గుంపులో వేసుకుని, ఒకటైతే 'కితాబు', ఎక్కువైతే 'వితాబు' అంటారు. అక్కడ తప్పులు చేస్తూనే మాట్లాడు. సరిదిద్దుతారు కానీ నవ్వరు, నాకైతే ఎవరూ నవ్విన గుర్తు లేదు.

జవాబు, నైరోబి నుంచి

అన్నయ్యగారు చెప్పినవన్నీ దార్‌కి నూటికి నూరుపాళ్ళు వర్తిస్తాయి బాబూ, నైరోబికి వచ్చేటప్పుడు ఇంకొంచెం తెలుసుకుని రా. కెన్యాలో 2010 రాజ్యాంగం ప్రకారం స్వాహిలి జాతీయ భాష, స్వాహిలి, ఇంగ్లీషు రెండూ అధికార భాషలు. దార్‌లో ఏదైనా అడిగేటప్పుడు 'నఓంబా' అని, అంటే దయచేసి అడుగుతున్నాను అని మొదలుపెడతారు. ఇక్కడ చాలామంది 'నిపాతియే' అని నేరుగా ఇమ్మంటారు, అది మొరటుతనం అనుకోకు. కుర్రాళ్ళు, మతాతూ బండ్లవాళ్ళు మాట్లాడేది షెంగ్, స్వాహిలి, ఇంగ్లీషు, ఇంకా కికుయు, లువో లాంటివి కలిసి ఊరిన భాష, అది ఏడాదికేడాది మారిపోతూ ఉంటుంది. నువ్వు మాట్లాడక్కర్లేదు, వింటూ ఉండు చాలు.

కిగాలిలో పరిస్థితి వేరు. రువాండాలో దాదాపు అందరి ఇంటిభాషా ఒక్కటే, కిన్యర్వాండా, ఈ ఖండంలో అది అరుదు. బడుల్లో ఫ్రెంచి తీసి ఇంగ్లీషు పెట్టాలని 2008లో నిర్ణయించారు, అందుకని వయసు మళ్ళిన ఆఫీసర్లకు ఫ్రెంచి సుళువు, చిన్నవాళ్ళకు ఇంగ్లీషు. మెయిల్ రాసేముందు ఎదుటి మనిషికి ఏది నచ్చుతుందో కనుక్కో.

పాప గురించి నీ భయం నాకర్థమవుతుంది, నేనూ పడ్డాను. టాంజానియాలో ప్రభుత్వ ప్రాథమిక బడి స్వాహిలిలో, హైస్కూలు ఇంగ్లీషులో ఉంటాయి. మనవాళ్ళు ఎక్కువగా ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేస్తారు. ఏ బడిలో వేసినా స్వాహిలి పాపకి ఆటలోనే వచ్చేస్తుంది, నీకన్నా ముందు. మొదట్లో ఒకే వాక్యంలో మూడు భాషలు కలిపేస్తుంది, ఆ కలగాపులగం చూసి కంగారుపడి ఒకటి మానిపించకండి. మా అబ్బాయి ఐదేళ్ళప్పుడు 'అమ్మా, నాకు మాజీ కావాలి, ఐ యామ్ థర్స్టీ' అనేవాడు, మాజీ అంటే నీళ్ళు. ఎనిమిదేళ్ళకి ఎవరితో ఏది మాట్లాడాలో వాడికే తెలిసిపోయింది.

జాగ్రత్త పడాల్సింది మన తెలుగు విషయంలో. 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఎంతో ప్రయత్నించారు, అయినా చాలా ఇళ్ళల్లో మాట నిలవలేదు. ఒకసారి అక్కడ ఒక ఇంట్లో భోజనానికి పిలిచారు, అరవై దాటిన పెద్దాయన భజన పాడారు. కాగితం మీద తెలుగు పాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పాట అయ్యాక ఒక్కో మాటకూ అర్థం చెప్పమని నన్నడిగారు. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఆయన మాత్రం ప్రతి మాట పక్కనా అర్థం రాసుకున్నారు. అందుకే చెప్తున్నా, ఇంట్లో మీరిద్దరూ తెలుగే మాట్లాడండి, రాత్రి కథ తెలుగులోనే చెప్పండి. మిగతావి లోకం నేర్పుతుంది, తెలుగు నేర్పేవాళ్ళు ఆ ఊళ్ళో మీరిద్దరే.

అడిగినతను

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. రెండుసార్లు చదివి మా ఆవిడకి కూడా పంపాను. ఒక్క డౌటు, నాకు రెండు మూడు మాటలే వచ్చినప్పుడు షికామో అని మొదలుపెడితే వాళ్ళు స్వాహిలిలో గబగబా మాట్లాడేస్తే ఏం చేయాలి?

జవాబు, దార్ ఎస్ సలాం నుంచి

తప్పకుండా మాట్లాడేస్తారు తమ్ముడూ, షికామో అన్నావంటే నీకు వచ్చనే అనుకుంటారు. అప్పుడు 'సమహాని, బాదో నాజిఫున్జా' అను, క్షమించండి, ఇంకా నేర్చుకుంటున్నాను అని. చాలామంది అక్కడితో ఇంగ్లీషులోకి వెళ్ళిపోరు, అదే మాట నెమ్మదిగా, విడగొట్టి మళ్ళీ చెప్తారు. నేను నేర్చుకున్న స్వాహిలిలో సగం అలా నా కోసం రెండోసారి చెప్పినవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.