రోములో ఉంటూ రోమును చూడటం ఎలా?

ప్రశ్న:
చదువు నిమిత్తం వచ్చి రోములో నివసిస్తున్నాను. వారమంతా తరగతులతోనే సరిపోతోంది. ఆదివారాల్లో ప్రాచీన కట్టడాలు చూద్దామని బయలుదేరితే, కొలోసియం దగ్గరి జనాన్ని చూసి వెనుదిరగవలసి వస్తోంది. పర్యాటకుల్లా హడావిడి పడకుండా, ఈ ఊళ్లో ఉంటున్నవారు వీటిని ఏ క్రమంలో చూస్తే బాగుంటుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
కొలోసియాన్ని కొంతకాలం పక్కన పెట్టి, అక్కడికి నడక దూరంలోనే ఉన్న సాన్ క్లెమెంటే చర్చికి ముందు వెళ్లండి. పైన కనిపించేది 12వ శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి, ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ కట్టడాలు, వాటి నడుమ ప్రాచీన రోమన్లు కొలిచిన మిత్ర (మిథ్రాస్) దేవుడి మందిరం వస్తాయి. ఎద్దును వధిస్తున్న ఆ దేవుణ్ణి చెక్కిన బలిపీఠం అక్కడే ఉంది. అట్టడుగున నీళ్లు పారే చప్పుడు కూడా వినిపిస్తుంది. పాత గోడల మీదే కొత్తవి లేపుతూ పోయిన ఈ ఊరి తీరు అక్కడ కళ్లారా చూశాక, ప్రాచీన నగర కూడలి అయిన ఫోరం శిథిలాలు నేటి వీధులకంటే అంత పల్లంలో ఎందుకున్నాయో వేరే చెప్పనక్కరలేదు. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కనుక మధ్యాహ్నం వెళ్లడం మేలు.

జవాబు 2:
ఆదివారమే తీరికంటున్నారు కనుక నా ఓటు ఆప్పియా దారికి. క్రీ.పూ. 312లో ఆప్పియస్ క్లాడియస్ వేయించడం మొదలుపెట్టిన ఈ బాటలో ఆదివారాలు వాహనాలను చాలావరకు ఆపేస్తారు. నడవడానికి టికెట్టూ లేదు. చెచీలియా మెటెల్లా సమాధి దాటాక అక్కడక్కడా పాత నల్లరాతి పలకలు, వాటిపై బండి చక్రాల ఒరిపిడికి పడిన గాళ్లు కనిపిస్తాయి. సైకిలు అద్దెకు తీసుకోమని చాలామంది సలహా ఇస్తారు గానీ, ఆ రాళ్ల మీద సైకిలు తొక్కితే నడుము నిలవదు.

జవాబు 3:
పై ఇద్దరూ చెప్పినవి చూడదగ్గవే అయినా, ప్రాచీన రోమన్ ఆలయమైన పాంథియన్‌ను వదిలిపెట్టడం నాకు నచ్చలేదు. హేడ్రియన్ చక్రవర్తి కాలపు ఆ గుమ్మటం వ్యాసం సుమారు 43 మీటర్లు, నేల నుంచి పైకప్పు నడిమి రంధ్రం వరకు ఎత్తూ అంతే. పైకి వెళ్లేకొద్దీ కాంక్రీటులో తేలికైన రాళ్లు కలుపుతూ, చివరికి ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి వాడారు కనుకనే ఇనుప ఊచలు లేకుండానే అది నిలిచింది. వాన పడుతున్నప్పుడు వెళ్లండి: రంధ్రంలోంచి పడిన నీళ్లు, మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉన్న నేల మీద జారి, చిన్న చిన్న కన్నాల్లోంచి దిగిపోతాయి. 2023 నుంచి టికెట్టు పెట్టారు గానీ రోము నివాసులకు ప్రవేశం ఉచితం. నివాస నమోదు ఇంకా చేయించుకోకపోతే ఆ పని ముందు చూసుకోండి.

నెలలో మొదటి ఆదివారం కొలోసియం ప్రవేశమూ ఉచితమే, అందుకే ఆ రోజు అటువైపు వెళ్లకండి. శీతకాలంలో తరగతులు లేని మామూలు రోజు చూసుకుని ముందే టికెట్టు తీసుకోండి. టికెట్టు పేరు మీదే ఇస్తారు కనుక గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోండి.