వాపు మందులు రోగనిరోధక శక్తిని తినేస్తాయా?

తార్నాక కోడలు: మా అత్తగారికి రుమటాయిడ్ కీళ్లవాతం. వేళ్లు వంకర తిరుగుతున్నాయి, పొద్దున పూట పాలగిన్నె కూడా ఎత్తలేరు. మెథోట్రెక్సేట్ మాత్రలు చాలడం లేదని డాక్టరు అడాలిముమాబ్ ఇంజెక్షన్ రాశారు. వాపు మందులన్నీ ఒంట్లో శక్తిని చంపేస్తాయని మా బావగారు వద్దంటున్నారు. నిజమేనా?

నల్లకుంట పెద్దాయన: ఆయన మాట వినండి. ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టాకే మా ఆవిడకు క్షయ వచ్చింది.

మలక్‌పేట మందుల షాపు: పెద్దాయనా, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నొప్పిని, వాపును తగ్గిస్తాయి, కీళ్లు దెబ్బతినడాన్ని మాత్రం ఆపలేవు. వాటితో ముప్పు ముఖ్యంగా కడుపుకి, కిడ్నీలకి, గుండెకి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ల సంగతి వేరు. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే అంటువ్యాధులు, షుగరు, ఎముకల బలహీనత. అసలు ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థే సొంత కీళ్ల మీద పడుతుంది. దాన్ని కొంత అణచకపోతే వేళ్లు దక్కవు.

నల్లకుంట పెద్దాయన: స్టెరాయిడ్ వాపు తగ్గించే మందేనా, కాదా?

మలక్‌పేట మందుల షాపు: అవును, అయితే...

నల్లకుంట పెద్దాయన: నేనన్నదీ అదే.

బాటసారి: మెథోట్రెక్సేట్ పుట్టింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలోనే, 1940లలో.

నల్లకుంట పెద్దాయన: క్యాన్సరుకి కదా! చూశారా?

మలక్‌పేట మందుల షాపు: కీళ్లవాతానికి ఇచ్చేది చాలా తక్కువ మోతాదు, అదీ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఇక మీ ఇంజెక్షన్ సంగతి. అది టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిములను కట్టడి చేయడానికి శరీరానికి కావలసింది ఆ ప్రోటీనే. అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ అనే చర్మపరీక్ష లేదా రక్తపరీక్ష చేయాలి. మీ ఆవిడకి చేశారా?

నల్లకుంట పెద్దాయన: షాపులో కూర్చుని ఎన్నయినా చెప్పవచ్చు బాబూ. ఎక్స్‌రే మాటే ఎవరూ ఎత్తలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. దగ్గు మొదలైతే వాతావరణం మారిందన్నారు. మందు గొప్పదే కావచ్చు, ఆ మనుషులను మళ్లీ నమ్మమంటారా?

మలక్‌పేట మందుల షాపు: ఈ మాట మొదటే అనవలసింది. వాళ్లను నేనూ వెనకేసుకురాను. అమ్మా, మీరు మాత్రం ఆ పరీక్షలు కాకుండా మొదటి ఇంజెక్షన్ వేయించకండి. పాత మందులూ సొంతంగా ఆపకండి.

తార్నాక కోడలు: మాకూ ఆ పరీక్షలు రాయలేదు. సోమవారం అడుగుతాను. బావగారికి మాత్రం ఇంజెక్షన్ ధర విన్నాకే రోగనిరోధక శక్తి గుర్తొచ్చింది.