లూసిండా విలియమ్స్ ఆల్బమ్ మళ్ళీ ఎల్‌పీగా దొరుకుతోంది, కొనాలా?

జడ్చర్ల_పాటలు:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. అమెరికా గాయని లూసిండా విలియమ్స్ 1998 ఆల్బమ్ ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’ మళ్ళీ ఎల్‌పీ రికార్డుగా దొరుకుతోంది. కంట్రీ అనే ఈ అమెరికా తరహా పాటలు మా ఇంట్లో ఎవరూ వినరు, నాకు మాత్రం ఈ ఆల్బమ్ అంటే ప్రాణం. బయటి దేశం నుంచి తెప్పిస్తే పోస్టు ఖర్చు, కస్టమ్స్ అన్నీ పడతాయి, పైగా నా దగ్గర ఉన్నది సూట్‌కేసు మోడల్ చిన్న ప్లేయర్. అంత డబ్బు పెట్టొచ్చా?

నల్గొండ_రికార్డులు:
తమ్ముడూ, ఆల్బమ్ గురించి రెండో మాట లేదు, నా టెన్షన్ అంతా ఆ ప్లేయర్ గురించే. అలాంటి చాలావాటిలో ముల్లు బరువు సర్దుకునే వీలుండదు, అది గాడి మీద గట్టిగా నొక్కి రికార్డును అరగదీస్తుంది. ముందు మంచి టర్న్‌టేబుల్ చూసుకో. ఇంకోటి, ఇందులో 13 పాటలు, దాదాపు 52 నిమిషాలు. అంతా ఒకే డిస్కు మీద ఉంటే ఒక్కో వైపు 26 నిమిషాలు పడుతుంది, అప్పుడు గాడులు దగ్గరదగ్గరగా కోయాలి, సౌండ్ తగ్గించాలి, లోపలి వైపు పాటల్లో స్పష్టత పోతుంది. డిస్కులు ఒకటా రెండా అడిగాకే ఆర్డర్ పెట్టు. మన ఎండలకు రేకుల గదిలో, అటక మీద మాత్రం పెట్టొద్దు, వంకర పోతుంది. నిలబెట్టి దాచు.

వనపర్తి_అక్క:
నేనైతే కొనమనే అంటాను. దీని ముందు ఆల్బమ్ 1992లో వచ్చింది, అంటే మధ్యలో ఆరేళ్ళు. ఆస్టిన్‌లో గర్ఫ్ మోర్లిక్స్ అనే నిర్మాతతో రికార్డు చేసింది నచ్చక, లూసిండా నాష్‌విల్‌లో స్టీవ్ ఎర్ల్, రే కెనెడీ అనే ఇంకో ఇద్దరు నిర్మాతలతో మళ్ళీ చేసి, అదీ చాలక రాయ్ బిట్టన్ అనే మరో నిర్మాతతో కూర్చుంది. అందుకు ఆమెను మొండిది అన్నారు, అదే మగవాడు చేస్తే పని మీద శ్రద్ధ అనేవాళ్ళు! 1999లో గ్రామీ కూడా వచ్చింది.

టైటిల్ పాటలో కారు వెనక సీట్లో నాలుగైదేళ్ళ పిల్ల కిటికీలోంచి చూస్తుంటుంది, పెద్దవాళ్ళ గొడవలు వింటుంటుంది, బట్టలు సర్దుకుని మళ్ళీ ఎక్కడికో ప్రయాణం. లూసిండా వాళ్ళ నాన్న మిల్లర్ విలియమ్స్ కవి, కాలేజీ కొలువుల కోసం ఊళ్ళు మారుతూ పిల్లల్ని తిప్పాడు. ఈ పాట విని కూతురికి సారీ చెప్పాడట. బొంబాయి బస్సెక్కిన ఇళ్ళు పాలమూరులో ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు కదా, నాకు ఆ పిల్ల పరాయిది కాదు. లేక్ చార్లెస్, గ్రీన్‌విల్, జాక్సన్ అని ఊళ్ళ పేర్లు పెట్టి పాడుతుంటే గోరటి వెంకన్న గుర్తొస్తాడు నాకు, ఊరిని అంత దగ్గరగా చూసేవాళ్ళు తక్కువ.

జడ్చర్ల_పాటలు:
థాంక్స్ అన్నా, ముందు ప్లేయర్ సంగతి చూస్తాను. డిస్కులు ఎన్నో అమ్మేవాళ్ళకు ఇప్పుడే రాశాను. అక్కా, ‘గ్రీన్‌విల్’ పాటలో వెనక వినపడే గొంతు గాయని ఎమ్మీలూ హ్యారిస్‌దే కదా?

వనపర్తి_అక్క:
ఆమెదే. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, రెండు గొంతులూ విడివిడిగా తెలుస్తాయి.