టెక్సాస్: ఎస్ఆర్-22తో పాటు ఫుల్ కవరేజ్ ఇచ్చే కంపెనీ ఏది?

ఇన్సూరెన్స్ లేకుండా నడిపిన రెండో కేసులో మా తమ్ముడి లైసెన్స్ సస్పెండ్ అయింది. ఉండేది ఇర్వింగ్‌లో. లైసెన్సులు చూసే రాష్ట్ర శాఖ డీపీఎస్‌కు 100 డాలర్ల రీఇన్‌స్టేట్‌మెంట్ ఫీజు కట్టాడు, ఇక ఎస్ఆర్-22 (ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ రాష్ట్రానికి పంపే ధ్రువీకరణ) ఒక్కటే బాకీ. శిక్ష పడిన తేదీ నుంచి 2 ఏళ్లు అది ఆగకుండా నడవాలి.

చిక్కంతా కారు లోన్‌తో. 2021 కామ్రీ, తన పేరు మీదే ఉంది కాబట్టి నాన్-ఓనర్ పాలసీ కుదరదు. ఫుల్ కవరేజ్, అంటే కొలిజన్ (గుద్దుకుంటే సొంత కారు నష్టానికి), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ల లాంటి వాటికి) రెండూ ఉండాలని, డిడక్టబుల్ (క్లెయిమ్ చేసినప్పుడు మనం పెట్టుకోవాల్సింది) 1000 డాలర్లు దాటకూడదని లోన్ కాగితంలో ఉంది.

పాత కంపెనీ ఎస్ఆర్-22 ఫైల్ చేయనంది. ఇంకోటి చేస్తానంది గానీ 30/60/25 లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి రాష్ట్రం కోరే కనీస కవరేజ్) వరకేనట. 60 రోజుల్లో రెండు కంపెనీలు కాదంటే టైపా (కంపెనీలు కాదన్నవాళ్లకు ఇన్సూరెన్స్ ఇప్పించే రాష్ట్ర ఏర్పాటు) ద్వారా దొరుకుతుంది, కానీ అందులోనూ కొలిజన్ ఉండదు. అలా వదిలేస్తే లోన్ కంపెనీయే తన ఇన్సూరెన్స్ తగిలిస్తుంది. అది ఖరీదూ ఎక్కువే, పైగా ఎస్ఆర్-22కు పనికిరాదు.

డల్లాస్ చుట్టుపక్కల ఎస్ఆర్-22, ఫుల్ కవరేజ్ రెండూ ఒకే పాలసీలో, నెలవారీ వాయిదాల మీద రాసే నాన్-స్టాండర్డ్ (రిస్క్ ఎక్కువున్న డ్రైవర్లను తీసుకునే) కంపెనీ ఏదైనా మీకు తెలుసా?