మా ఆయన తాగుడు మానేశారు, నాకే నిద్ర లేదు. విశాఖలో ఎవరితో మాట్లాడాలి?

గాజువాక నుంచి రాస్తున్నాను. తొమ్మిదేళ్లు పోరాడాక మా ఆయన మందు మానేశారు, నాలుగు నెలలైంది. అయినా రాత్రి గేటు చప్పుడైతే నా గుండె దడదడలాడుతుంది. అమ్మకి చెబితే ఏడుస్తుంది. ఇదే పడ్డ నలుగురి మధ్య ఓ గంట కూర్చోవాలని ఉంది. అలాంటివాళ్లని ఎలా వెతకాలి?

— అక్కా, అల్‌అనాన్ గురించి అడగండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం, ఇది వాళ్ల ఇంట్లోవాళ్లది. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మా నాన్న వల్ల నేనూ వెళ్లాను. రెండు వారాలు నోరు విప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. మూడోవారం ఒక పెద్దావిడ, సీసాలు లెక్కపెట్టడం మానేశాకే తనకి నిద్ర పట్టిందని చెప్పింది. నేనూ లెక్కపెట్టేదాన్నే. అక్కడే ఏడ్చేశాను. చోటు, సమయం మారుతుంటాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

— అమ్మా, అల్‌అనాన్ తోటివాళ్ల బృందం. గ్రూప్ థెరపీ వేరు, అది సైకాలజిస్టు లాంటి శిక్షణ ఉన్నవాళ్లు నడిపేది. మీకు నిద్రే పట్టట్లేదంటే డాక్టరుకీ చూపించుకోవాలి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు వినగానే మనవాళ్లు జంకుతారు, నేనూ జంకాను. ఓపీలో నా పక్కన కూర్చున్నది కాలేజీ పిల్లలు, ఒక టీచరమ్మ. వెళ్లలేకపోతే 14416కి చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లకి ఫోన్‌లో సాయం, 2022లో కేంద్రం పెట్టింది. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో ఎక్కడికెళ్లాలో కూడా అడగండి.

— సీసాల మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయానమ్మా. నేను మూతలు లెక్కపెట్టేదాన్ని. రేపు ఆయన డ్యూటీకెళ్లగానే ఫోన్ చేస్తాను.