సంఘంలో దెబ్బ తిన్నాక పిలుపు ఉన్నట్టా, పోయినట్టా?

ప్రశ్న (తిరుపతి)
అందరికీ వందనాలు. డిగ్రీ రోజుల నుంచి మా సంఘంలో సండే స్కూల్ చెప్పేదాన్ని, ఎండాకాలం వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ స్కూల్) అంతా నా చేతుల మీదే జరిగేది, పిల్లల మధ్య సేవకే దేవుడు నన్ను పిలిచాడని గట్టిగా నమ్మాను. పోయిన వీబీఎస్‌కి తల్లిదండ్రులు భోజనాలకని ఇచ్చిన డబ్బులో చాలా భాగం పిల్లల దాకా రాలేదు. లెక్క చూపించమని పాస్టర్‌గారిని విడిగా, మర్యాదగానే అడిగాను. తర్వాతి ఆదివారం ప్రసంగమంతా మోషే మీద తిరగబడ్డ కోరహు మీదే. పేరు ఎత్తలేదు గానీ అందరూ నా వైపే చూశారు. ఆ వారమే నా క్లాసు ఇంకొకరికి ఇచ్చేశారు, చిన్నప్పటి నుంచి తెలిసిన ఆంటీలు కూడా లీలామహల్ దగ్గర ఎదురైతే ముఖం తిప్పుకుని పోతున్నారు. మాయమ్మేమో "పోయి క్షమాపణ అడుగు, రేపు పెళ్లికైనా చావుకైనా సంఘం కావాల్సిందే కదా" అంటుంది. బైబిల్ తెరిస్తే పాస్టర్‌గారి గొంతే వినిపిస్తోంది. సేవ వదిలేయమని దేవుడే చెబుతున్నాడా?

జవాబు (చిత్తూరు)
సిస్టర్, ముందు ఆ కోరహు సంగతి చూద్దాం, మిమ్మల్ని లోపల తినేస్తున్నది అదే అనిపిస్తోంది. సంఖ్యాకాండం 16 మీరే నిదానంగా చదవండి. కోరహు యాజకత్వం తనకు కావాలన్నాడు, మీరు అడిగింది పిల్లల అన్నం డబ్బుకు లెక్క. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందా విషయంలో పౌలు ఏం చేశాడో 2 కొరింథీ 8లో ఉంది: తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పంపాడు, ఎవరూ నింద మోపకూడదని, దేవుని ఎదుటే గాక మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని. అపొస్తలుడికే లేని అభ్యంతరం మన అయ్యగార్లకు ఎందుకు? వెళ్లగొట్టడం కూడా కొత్తేం కాదు. 3 యోహానులో దియొత్రెఫే సంఘంలోంచి మనుషుల్ని గెంటేస్తే, యోహాను తప్పుపట్టింది అతణ్ణే.

జవాబు (తిరుపతి)
అమ్మా, నేను నర్సుగా రిటైరయ్యాను. ఇప్పుడే ఏదీ తేల్చుకోవద్దు. ఏలీయా ప్రవక్త ఇక చాలు, చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు పని మాట ఎత్తనే లేదు, దూతతో రొట్టె, నీళ్లు పెట్టించి మళ్లీ పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టించాడు. పని అప్పగించింది హోరేబు కొండకు చేరాకే. అంతవరకూ కీర్తనలు 55 ఒక్కటి చదువుకో, కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడే దెబ్బ కొడితే ఎంత నొప్పో అందులో ఉంది. ఇంకొకటి, క్లాసు ఇచ్చింది సంఘం, పిలుపు ఇచ్చింది సంఘం కాదు. వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్ అసలు మిషనరీ కాకూడదనే అనుకుంది. తిండివనంలో ఒక్క రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై, ఆడ డాక్టరు లేక చనిపోయారు, ఆమెకు పిలుపు అక్కడ వచ్చింది. 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిందే ఇప్పుడు మనందరం పరుగెత్తే వేలూరు ఆస్పత్రి. మీ వీధిలో పిల్లలు లేరా తల్లీ?

జవాబు (పలమనేరు)
పెద్దమ్మగారి మాట నిజమే గానీ సిస్టర్, ఒంటరిగా మాత్రం ఉండిపోకండి, అలా ఉండిపోయి ప్రార్థనే మానేసినవాళ్లను చూశాను. మీ సంఘం లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటిదైతే పైన కమిటీ, బిషప్ ఉంటారు, ఉత్తరం రాయొచ్చు. ఇండిపెండెంటా?

ప్రశ్న అడిగినవారు
ఇండిపెండెంటే అన్నా. ట్రస్టులో ఉన్నదంతా ఆయన ఇంటివాళ్లే.

జవాబు (పలమనేరు)
అయితే మత్తయి 18 ప్రకారం మొదటి మెట్టు మీరు ఎక్కేశారు. ఇద్దరు పెద్దమనుషులను తీసుకుని ఇంకొక్కసారి వెళ్లండి. వినకపోతే వేరే సంఘంలో చేరండి, కొన్నాళ్లు ఏ బాధ్యతా తీసుకోకుండా వెనక కూర్చుని వాక్యం వినండి. క్షమించడం దేవుడి ముందు చేసేయండి, దానికోసం ఆ మందిరానికే తిరిగి పోవాల్సిన పని లేదు. పెళ్లి గురించి అమ్మగారికి టెన్షన్ వద్దని చెప్పండి, 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏ పాస్టరైనా చేయొచ్చు, మ్యారేజ్ రిజిస్ట్రార్ దగ్గరా చేసుకోవచ్చు. సమాధి స్థలం సంగతి మాత్రం కొత్త సంఘంలో చేరేముందే అడిగి తెలుసుకోండి.